తొడ ఎముక విరిగితే ఎవరి నష్టం?

మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన కొత్తలో, ఫ్రాన్సు కందకాల్లో తొడ ఎముకకు తూటా తగిలిన సైనికుడి మీద డాక్టర్లకే ఆశ ఉండేది కాదు. అలాంటివాళ్ళలో నూటికి 80 మంది చనిపోతున్నారని బ్రిటిష్ సైన్యంలో ఎముకల వైద్యాన్ని పర్యవేక్షించిన సర్జన్ రాబర్ట్ జోన్స్ చెప్పాడు. 1917 ఏప్రిల్‌లో అరాస్ దగ్గర పెద్ద పోరు జరిగింది. అదే గాయంతో వచ్చిన 1,009 మంది లెక్క తీస్తే, చనిపోయినవాళ్ళు నూటికి 15.6 మందే. ఆ లెక్క తీసింది హెన్రీ గ్రే అనే సర్జన్. వైద్య విద్యార్థులు చదివే అనాటమీ పుస్తకం గ్రే వేరు, ఈయన వేరు.

మూడేళ్ళలోపు ఇంత తేడా తెచ్చిన మార్పుల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఒక ఇనుప చట్రం. పైన తోలు చుట్టిన వలయం, దాని నుంచి కాలికి అటూ ఇటూ రెండు కడ్డీలు. అంతే. అది యుద్ధం కోసం కనిపెట్టినదీ కాదు. నలభై ఏళ్ళుగా లివర్‌పూల్ నగరంలో ఒక డాక్టరు ఇంట్లో కమ్మరి చేత తయారవుతూనే ఉంది. ధర కారుచౌక. పనితనం కళ్ళ ముందే కనిపిస్తోంది. అయినా పెద్ద ఆసుపత్రులు దాని ముఖం చూడలేదు.

ఎందుకు చూడలేదన్న ప్రశ్న వెంట పోతే, దెబ్బలకు చేసే వైద్యం చరిత్రంతా ఒక ఖాతా పుస్తకం చుట్టూ తిరిగినట్టు తెలుస్తుంది. మనిషి కుంటివాడైతే ఆ నష్టం ఎవరి పద్దులో పడుతుందో, మంచి వైద్యం కట్టుదిట్టం చేసింది వాళ్ళే. ఆ నష్టం రోగి ఇంటివాళ్ళ మీదే పడినచోట దాన్ని లెక్కపెట్టిన నాథుడు లేడు.

ముందు ఆ ఎముక సంగతి. మనిషి ఒంట్లో అన్నిటికన్నా పొడవైనది, గట్టిది తొడ ఎముక. దాన్ని చుట్టుకుని ఉన్న కండరాలు కూడా అంత బలమైనవే. ఎముక మధ్యకు విరగగానే ఆ కండరాలు బిగుసుకుని రెండు ముక్కల్నీ ఒకదాని మీదికి ఒకటి లాగేస్తాయి. తొడ పొట్టిదై, ఉబ్బి, గుండ్రంగా తయారవుతుంది. ఆ ఉబ్బు లోపల లీటరు నుంచి లీటరున్నర దాకా రక్తం చేరగలదు, బయటికి ఒక్క చుక్క కనపడకుండా. అలాంటి మనిషిని కట్టు లేకుండా మోసుకెళ్తే విరిగిన ముక్కల మొనలు కదిలినప్పుడల్లా కండను కోస్తాయి. నొప్పి, రక్తస్రావం కలిసి మనిషిని షాక్‌లోకి తోస్తాయి. ఆసుపత్రి చేరేసరికి నాడి అందదు. కందకాల్లో సైనికుల ప్రాణం తీసింది ఒక్క తూటాయే కాదు, ఆ తర్వాతి ప్రయాణం కూడా.

ఆ చట్రం చేసిన మనిషి హ్యూ ఓవెన్ థామస్. 1834లో వేల్స్‌లోని ఆంగ్లసీ ద్వీపంలో పుట్టాడు. వాళ్ళది తరతరాలుగా ఎముకలు కట్టే కుటుంబం. పద్దెనిమిదో శతాబ్దంలో ఆ ద్వీపం ఒడ్డున ఓడ పగిలితే కొట్టుకొచ్చిన ఒక పిల్లవాడితో ఆ వంశం మొదలైందని చెప్పుకుంటారు. విరిగిన ఎముకను చేత్తో తడిమి సరిచేసే నేర్పు ఆ పిల్లవాడికి పుట్టుకతో వచ్చిందట. హ్యూ తండ్రి ఇవాన్ థామస్ లివర్‌పూల్ వచ్చి స్థిరపడ్డాడు. ఓడరేవు కూలీలకు ఆయనంటే గురి. పట్టాలున్న డాక్టర్లకు మాత్రం ఆయనంటే గిట్టదు. మళ్ళీ మళ్ళీ కోర్టుకు ఈడ్చారు. విసిగిపోయిన ఇవాన్ తన అయిదుగురు కొడుకుల్నీ వైద్య కళాశాలలకు పంపి డాక్టర్లను చేశాడు.

మనకు పుత్తూరు కట్టు తెలుసు కాబట్టి ఈ కథ కొత్తగా అనిపించదు. తిరుపతి నుంచి చెన్నై వెళ్ళే దారిలో పుత్తూరు, ఆ పక్కన రాచపాళెం. ఆకుపసరు, గుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డపట్టీ. తరాలుగా ఆ కుటుంబాల దగ్గరికి తెలుగు, తమిళ ప్రాంతాల నుంచి జనం వస్తూనే ఉన్నారు. నమ్మకం ఒక్కటే కారణమైతే ఇన్నేళ్ళు నిలిచేది కాదు. కట్టు కట్టించుకున్నవాడు ఆ పూటే ఇల్లు చేరతాడు. మంచం అద్దె లేదు, తోడుగా ఉండే మనిషి కూలి పోదు, స్కానింగుల చీటీ లేదు. చేతికొచ్చే నాలుగు డబ్బుల్లో బతికేవాడు వేసుకునే లెక్క అది, అందులో తెలివితక్కువతనం లేదు. అయితే తొడ ఎముకకు వెదురు బద్దలు చాలవు. పైన చెప్పిన కండరాల లాగుడే కారణం. ఎముకను పక్కల నుంచి బిగిస్తే సరిపోదు, పొడుగునా సాగదీసి పట్టి ఉంచాలి. అలా పట్టి ఉంచే చట్రాన్ని తయారుచేసింది హ్యూ థామస్.

లివర్‌పూల్‌లో నెల్సన్ వీధి 11వ నంబరు ఇల్లు ఆయనది. బక్కపలచని మనిషి. మెడ దాకా గుండీలు పెట్టిన నల్లకోటు, దెబ్బ తగిలిన కంటి మీదికి వంచిన ఓడవాళ్ళ టోపీ, నోట్లో సిగరెట్టు. ఇంట్లోనే పనిశాల, అందులో ఒక కమ్మరి, ఒక జీనులు కుట్టేవాడు. ఒకరు ఇనుము వంచుతారు, ఇంకొకరు తోలు కుడతారు. రోగి కాలి కొలత పట్టి అక్కడికక్కడే చట్రం తయారుచేసేవారు. ఆదివారాలు పేదలకు ఉచితం. ఆ రోజు ఆ వీధి నిండా చంకకర్రలే.

చట్రం పని తీరు ఇది. తోలు వలయం తొడ మొదట్లో, కూర్చునే ఎముకకు ఆనుతుంది. కడ్డీలు రెండూ పాదం దాటి కిందికి వెళ్ళి కలుస్తాయి. మడమకూ పాదానికీ కట్టిన పట్టీని ఆ కొసకు లాగి ముడివేస్తారు. పైన వలయం నెడుతుంది, కింద పట్టీ లాగుతుంది. కండరాల లాగుడు ఓడిపోతుంది, ఎముక ముక్కలు తిన్నగా వస్తాయి. ఉబ్బిన తొడ సాగేసరికి లోపల రక్తం చేరే జాగా తగ్గుతుంది. థామస్ దీన్ని మొదట క్షయ సోకిన మోకాళ్ళ కోసం చేశాడు. 1875లో అచ్చయిన తన పుస్తకంలో వివరంగా రాశాడు. రాసినా పట్టించుకున్నవాళ్ళు తక్కువ. ఆయనకు ఏ ఆసుపత్రిలోనూ పదవి లేదు, లండన్ సర్జన్లతో స్నేహం లేదు. ఆయన్ని నమ్మింది రేవు కూలీలు, వాళ్ళ సహాయ సంఘాలు. సభ్యుడు మంచానపడితే వారం వారం భత్యం ఇవ్వాల్సింది ఆ సంఘాలే కాబట్టి, త్వరగా లేపి నిలబెట్టే డాక్టరు వాళ్ళకు కావాలి. నష్టం ఎవరి పద్దులో పడుతుందో వాళ్ళే మంచి వైద్యం వెతుక్కుంటారన్నది ఇక్కడే మొదటిసారి కనిపిస్తుంది.

థామస్‌కు పిల్లలు లేరు. భార్య తరఫు మేనల్లుడు రాబర్ట్ జోన్స్ పదహారేళ్ళ వయసులో ఆ ఇంటికి వచ్చి, మేనమామ పక్కనే పని నేర్చుకున్నాడు. మేనమామది ముక్కుసూటి స్వభావం, ఎవరితోనూ పొసగదు. మేనల్లుడు అందర్నీ కలుపుకుపోయే మనిషి. ఆ చట్రం నెల్సన్ వీధి దాటి లోకంలోకి రావడానికి ఈ తేడా చాలా పనికొచ్చింది.

1887లో మాంచెస్టర్ ఓడ కాలువ తవ్వకం మొదలైంది. సముద్రపు ఓడలు నేరుగా మాంచెస్టర్ చేరేలా 36 మైళ్ళ కాలువ. వేల మంది కూలీలు. పని ముమ్మరంగా ఉన్నప్పుడు పదిహేను వేలు దాటారు. బండరాయి పేల్చడం, ఆవిరి యంత్రాలతో తవ్వడం, మట్టి మోసే రైళ్ళు. కాళ్ళు నలిగేవి, చేతులు తెగేవి, గట్లు విరిగి మీద పడేవి. కాంట్రాక్టరు థామస్ వాకర్. అంతకుముందు సెవర్న్ నది కింద సొరంగం తవ్వించిన అనుభవం ఆయనది. ప్రమాదాలు తప్పవని ఆయనకు ముందే తెలుసు.

1888లో ఆ కాలువ మొత్తానికి ప్రధాన సర్జన్‌గా రాబర్ట్ జోన్స్‌ను పెట్టారు. అప్పటికి ఆయన వయసు ముప్పై దాటిందంతే. ఆయన మొత్తం దారిని మూడు భాగాలు చేశాడు. ఒక్కో భాగానికి ఒక ఆసుపత్రి, మధ్య మధ్యలో ప్రథమ చికిత్స కేంద్రాలు. అక్కడ ఉండేవాళ్ళందరికీ విరిగిన ఎముకను ఎలా పట్టాలో, ఎలా కట్టాలో నేర్పారు. మట్టి మోయడానికి కాలువ వెంట వేసిన పట్టాల మీదే గాయపడినవాళ్ళనూ ఆసుపత్రికి చేర్చేవారు. దెబ్బ తగిలిన చోటే మొదటి కట్టు, తర్వాత తెలిసిన చేతుల్లోకి ప్రయాణం, ఆ తర్వాత ఆపరేషన్, చివరికి మళ్ళీ పని. కాలువ పూర్తయ్యేలోగా జోన్స్ దాదాపు మూడు వేల కేసులు చూశాడు, 300 ఆపరేషన్లు చేశాడు. ప్రమాద వైద్యాన్ని ఒక గొలుసుగా నడిపిన మొదటి ఏర్పాటు ఇదేనని వైద్య చరిత్రకారులు అంటారు. ఈ రోజు ఏ ట్రామా (తీవ్ర గాయాల వైద్యం) వ్యవస్థ తీసుకున్నా ఎముకల గూడు అదే.

1894 జనవరి 1న కాలువలోకి ఓడలు వచ్చాయి, ఆ ఆసుపత్రుల పని అయిపోయింది. ఊళ్ళో మామూలు మనిషి కాలు విరిగితే మళ్ళీ పాత పద్ధతే. చంక నుంచి పాదం దాకా ఒక పొడుగాటి చెక్క కట్టి ఎవరో ఒక సర్జన్ చూడటం, నెలల తరబడి మంచం, చివరికి పొట్టి కాలు. కాలువ ఉన్నంతకాలం కూలీ కాలికి విలువ ఉంది. కాలువ అయ్యాక అది కూలీ సొంత గొడవ అయిపోయింది. జోన్స్ ఊరుకోలేదు. రెండేళ్ళకే, 1896 ఫిబ్రవరిలో, మణికట్టులో గుండు దిగిన పిల్లవాణ్ణి భౌతిక శాస్త్రవేత్త ఆలివర్ లాడ్జ్ దగ్గరికి తీసుకెళ్ళి, అప్పుడే బయటపడిన ఎక్స్‌రేతో ఫోటో తీయించాడు. చేయాలన్న మనసు ఆయనకు ఎప్పుడూ ఉంది. డబ్బు పెట్టే చేయి కావాలి. ఆ చేయి ఇరవై ఏళ్ళ తర్వాత సైన్యం రూపంలో వచ్చింది.

1914లో ఫ్రాన్సు నుంచి ఇంగ్లండ్ చేరిన గాయపడ్డ సైనికులను చూసి జోన్స్ చలించిపోయాడు. విరిగిన తొడకు తుపాకీనే బద్దగా కట్టి పంపిన మనుషులు వాళ్ళు. సైన్యానికి మనుషుల కొరత మొదలయ్యాక ఆయన మాట చెవికెక్కింది. 1916లో ఆయన్ని సైనిక ఎముకల వైద్యానికి ఇన్‌స్పెక్టర్‌ను చేశారు. థామస్ చట్రాలు వేల సంఖ్యలో ఫ్రాన్సు వెళ్ళాయి. స్ట్రెచర్ మోసేవాళ్ళకు కవాతు నేర్పినట్టే చట్రం కట్టడం నేర్పారు. ఒకటి, రెండు, మూడు అని అంకెలతో. చీకట్లోనూ కట్టగలిగేలా కళ్ళకు గంతలు కట్టి సాధన చేయించారు. బూటు విప్పకూడదు, ప్యాంటు కోయకూడదు. బూటు మీదుగానే పట్టీ చుట్టి లాగి, చట్రం కొసకు ముడివేసి, ఆ తర్వాతే మనిషిని కదిలించాలి. అరాస్ నాటికి ఈ పని యుద్ధరేఖ పక్కనే జరిగింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 80 నుంచి 15.6కు పడిందంతా చట్రం ఘనతే అనడం సరికాదు. రెండు లెక్కలూ ఒకే రకంగా తీసినవి కావు. గాయంలో కుళ్ళే కండను ముందే కోసి తీసేయడం అప్పటికి అలవాటైంది. రక్తం ఎక్కించడం కూడా మొదలవుతోంది. అయినా ఆపరేషన్ బల్ల దాకా మనిషి ప్రాణంతో చేరితేనే కదా మిగతావన్నీ. చేర్చింది చట్రమే.

అదే సైన్యం, అదే కాలం. ఫ్రాన్సులో ఇలా జరుగుతుంటే మెసపొటేమియాలో మరోలా జరిగింది. 1915 నవంబరులో టెసిఫోన్ పోరులో గాయపడ్డ భారతీయ, బ్రిటిష్ సైనికులను స్ప్రింగులు కూడా లేని సామాను బండ్లలో మైళ్ళ కొద్దీ తీసుకెళ్ళారు. ఆ తర్వాత పడవల్లో కుక్కి పంపారు. ఆ దండయాత్రను నడిపింది భారత ప్రభుత్వం, వైద్యం దగ్గర పొదుపు పాటించింది. 1917లో విచారణ సంఘం నివేదిక ఆ సంగతులన్నీ బయటపెట్టేసరికి లండన్‌లో మంత్రి పదవే ఊడింది. విద్య తెలియక జరిగింది కాదిది. గొలుసుకు డబ్బు పెట్టకపోవడం వల్ల జరిగింది.

యుద్ధం అయ్యాక ఈ పాఠాన్ని శాంతికాలానికి మోసుకొచ్చినవాడు ఆస్ట్రియా సర్జన్ లోరెంజ్ బోలర్. యుద్ధంలో ఆయన బ్రిటన్‌కు శత్రుపక్షం. ఆల్ప్స్ పర్వతాల్లో బోల్జానో ఊళ్ళో ఎముకలు విరిగిన సైనికులకు ప్రత్యేక వార్డు నడిపాడు. ఆ తర్వాత వియన్నా వచ్చి, తలుపు తట్టింది ఆరోగ్య శాఖది కాదు, కార్మికుల ప్రమాద బీమా సంస్థది. ఆయన తెలివంతా ఇక్కడే ఉంది.

జర్మనీలో 1884లో, ఆస్ట్రియాలో 1887లో కార్మికుల ప్రమాద బీమా చట్టాలు వచ్చాయి. పనిలో దెబ్బ తగిలి అవిటివాడైన కార్మికుడికి బీమా సంస్థ పింఛను ఇవ్వాలి. కాలు వంకరగా అతికితే ఆ వంకరకు జీవితాంతం నెల నెలా డబ్బు కట్టాలన్నమాట. బోలర్ చెప్పింది ఇదే: మంచి వైద్యానికి ముందు డబ్బు పెట్టండి, తర్వాత పింఛన్లు మిగులుతాయి. ఊరికే చెప్పలేదు, అంకెలు చూపించాడు. 1925 డిసెంబరు 1న వియన్నాలో వెబర్ వీధిలో బీమా సంస్థ డబ్బుతో ప్రమాదాల కోసమే ఒక ఆసుపత్రి తెరుచుకుంది.

ఆ ఆసుపత్రి క్రమశిక్షణ గురించి కథలు కథలుగా చెప్పుకునేవారు. ఎముకను సరిగ్గా కూర్చు, కదలకుండా పట్టు, మిగతా కీళ్ళన్నీ ఆడించు. ఈ మూడే బోలర్ సూత్రాలు. కాలికి పిండికట్టు ఉన్న రోగులు కూడా వరసగా నిలబడి కసరత్తు చేయాల్సిందే. ప్రతి రోగికీ ఎక్స్‌రేలు, ఫోటోలు, కొలతలు. కట్టు విప్పి ఇంటికి పంపడంతో కేసు ముగిసేది కాదు. ఏ కీలు ఎంత వంగుతోంది, మనిషి పనికి వెళ్తున్నాడా, పింఛను ఎంత తగ్గింది అని మళ్ళీ పిలిచి రాసుకునేవారు. ఈ అనుభవమంతా ఆయన 1929లో పుస్తకంగా తెచ్చాడు. మొదట అచ్చువేయడానికి ప్రచురణకర్తలే దొరకలేదు. ఆ తర్వాత అది ఎన్నో భాషల్లోకి వెళ్ళి రెండు మూడు తరాల సర్జన్లకు చేతిపుస్తకమైంది.

థామస్ చట్రం ప్రాణం నిలిపింది. బోలర్ పద్ధతి కాలును తిన్నగా నిలిపింది. ఇంకా ఒక పెద్ద ఖర్చు మిగిలే ఉంది, మంచం. తొడ ఎముక అతకాలంటే కాలికి బరువు కట్టి, పది పన్నెండు వారాలు వెల్లకిలా పడుకోవాలి. మన పెద్దాసుపత్రుల్లో పాతికేళ్ళ క్రితం దాకా ఎముకల వార్డులో అడుగుపెట్టినవాళ్ళకు ఆ దృశ్యం గుర్తుంటుంది: మంచం కాళ్ళ వైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేయడం, కప్పీ మీదుగా వేలాడే ఇసుక సంచి, పక్కన నేల మీద చాప పరుచుకుని పడుకున్న భార్యో తల్లో. ఆ మూడు నెలల్లో వీపు కింద పుండ్లు పడేవి, మోకాలు బిగుసుకుపోయేది, ఊపిరితిత్తుల్లో కఫం చేరేది. మంచం ఉచితమే. కానీ పోయిన కూలి, తోడున్న మనిషి కూలి, ఊరికీ ఆసుపత్రికీ తిరిగే బస్సు ఛార్జీలు, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఏ కేస్ షీట్‌లోనూ రాయలేదు.

ఆ మంచాన్ని తప్పించినవాడు జర్మనీలోని కీల్ నగరపు సర్జన్ గెర్హార్డ్ కుంచర్. 1939 నవంబరులో విరిగిన తొడ ఎముక లోపలి గుజ్జు గొట్టంలోకి తుంటి వైపు నుంచి పొడవాటి ఉక్కు మేకు దించాడు. ఎముక లోపలి నుంచే నిలబడింది. మనిషి వారాల్లో నడిచాడు. 1940లో బెర్లిన్‌లో ఈ సంగతి చెబితే తోటి సర్జన్లు చాలామంది నమ్మలేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేవేళ జర్మనీ చెర నుంచి తిరిగొచ్చిన మిత్రపక్షాల సైనికుల ఎక్స్‌రేల్లో తొడ నిండా లోహపు కడ్డీ చూసి అవతలి దేశాల డాక్టర్లు ఆశ్చర్యపోయారు. మన ఊళ్ళలో ఈ రోజు "కాలికి రాడ్డు వేశారు" అంటే ఆ మేకు మనవడే.

రాడ్డు ఖరీదైనది, ట్రాక్షన్ (బరువు కట్టి కాలు సాగదీయడం) చౌక అని పేద దేశాల్లో చాలాకాలం నమ్మారు. ఆ నమ్మకాన్ని కంబోడియాలో ఒక ప్రాంతీయ ఆసుపత్రి లెక్కలు తలకిందులు చేశాయి. 2009లో అచ్చయిన ఆ అధ్యయనంలో తొడ ఎముకకు ట్రాక్షన్‌తో వైద్యం చేస్తే సగటున ఒక్కో రోగికి అయిన ఖర్చు 1,107 డాలర్లు, రాడ్డుతో చేస్తే 888 డాలర్లు. ఫలితాలు కూడా రాడ్డు వేసినవాళ్ళవే మెరుగు. ఇనుము కన్నా మంచం ఖరీదు ఎక్కువన్నమాట. అక్కడ వాడిన రాడ్డును రూపొందించింది అమెరికా సర్జన్ లూయిస్ జర్కిల్. వియత్నాం యుద్ధంలో పనిచేసిన మనిషి. ఆపరేషన్ గదిలో టీవీలా ఎక్స్‌రే చూపించే సి-ఆర్మ్ యంత్రం లేకపోయినా, కరెంటు డ్రిల్లు లేకపోయినా చేత్తోనే దించగలిగేలా ఆ రాడ్డును తయారుచేశాడు. 1999లో ఆయన పెట్టిన సంస్థ వాటిని పేద దేశాల ఆసుపత్రులకు ఉచితంగా పంపుతుంది. బదులుగా ఒకటే అడుగుతుంది: ప్రతి కేసు ఎక్స్‌రేలూ, తర్వాతి ఫలితాలూ పంపాలి. బోలర్ అలవాటు ఇక్కడ మళ్ళీ కనిపిస్తుంది.

ధనిక దేశమైన అమెరికా కూడా ఈ దారికి ఆలస్యంగానే వచ్చింది. 1966లో అక్కడి జాతీయ విజ్ఞాన అకాడమీ ఒక నివేదిక తెచ్చింది. అంతకుముందు ఏడాది ప్రమాదాల్లో 1,07,000 మంది చనిపోయారనీ, దేశానికి 1,800 కోట్ల డాలర్లు నష్టమనీ, ఇది సమాజం పట్టించుకోని రోగమనీ చెప్పింది. దాంతో ట్రామా సెంటర్లు మొదలయ్యాయి. అవి ఖర్చుకు తగ్గ ఫలితం ఇస్తున్నాయా అన్న ప్రశ్నకు జవాబు రెండు విడతల్లో, 2006లోనూ 2010లోనూ వచ్చింది. తీవ్రంగా గాయపడ్డవాళ్ళలో ఏడాది లోపు చనిపోయినవాళ్ళు ట్రామా సెంటర్లలో నూటికి 10.4 మంది, మామూలు ఆసుపత్రుల్లో 13.8 మంది. ఖర్చు ఎక్కువే అయింది. ఆ అదనపు ఖర్చును కలిసొచ్చిన ఆయుష్షుతో భాగిస్తే ఒక్కో జీవిత సంవత్సరానికి దాదాపు 36,000 డాలర్లు తేలింది. అమెరికా వైద్యం ధరల్లో అది గిట్టుబాటు కిందే లెక్క.

ఇక మన దగ్గరికి. తెలుగు నేల మీద కూడా నష్టం పద్దు ఉన్నచోట ఆసుపత్రి ముందే లేచింది. సింగరేణి గని కార్మికులకు కొత్తగూడెంలో కంపెనీ ఆసుపత్రి ఉంది, రైల్వేవాళ్ళకు సికింద్రాబాద్ లాలాగూడలో రైల్వే ఆసుపత్రి ఉంది. 1923లో కార్మికుల నష్టపరిహార చట్టం, 1948లో ఈఎస్ఐ చట్టం వచ్చాక ఫ్యాక్టరీ కార్మికుడికి సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి లాంటివి దొరికాయి. ఆ గొడుగు కింద లేనివాళ్ళ సంఖ్యే ఎక్కువ. మిర్చి కోతకు ట్రాక్టరులో పోయే కూలీలు, తాపీ పనివాళ్ళు, ఆటో డ్రైవర్లు, టూవీలర్ మీద సరుకు వేసుకుని తిరిగే చిన్న వ్యాపారులు. వాళ్ళ కాలు విరిగితే ఏ యజమాని పద్దులోనూ చిల్లు పడదు.

ఆసుపత్రి గుమ్మం దాటడమే ఒకప్పుడు కష్టం. కారు గుద్దిన ఒక స్కూటరు మనిషిని దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్తే, పోలీసు కేసులు తాము చూడమని 20 కిలోమీటర్ల దూరంలోని మరో ఆసుపత్రికి పంపారు. దారిలోనే ప్రాణం పోయింది. పరమానంద్ కటారా కేసుగా పేరుపడిన ఆ వ్యవహారంలో సుప్రీంకోర్టు 1989లో తీర్పు ఇచ్చింది. పోలీసు కాగితాలు తర్వాత, ముందు ప్రాణం. ఇది ప్రతి డాక్టరు బాధ్యత. రోడ్డు పక్కన పడినవాణ్ణి లేపితే సాక్ష్యాలకు తిరగాలన్న భయం మాత్రం జనాన్ని వదల్లేదు. సాయం చేసినవాణ్ణి వేధించకూడదన్న మార్గదర్శకాలకు 2016లో సుప్రీంకోర్టు ముద్ర వేసింది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో అది చట్టమే అయింది.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్సు సేవ మొదలైంది. రాబర్ట్ జోన్స్ కాలువ వెంట వేసిన గొలుసులో మొదటి లంకె తెలుగువాడి ఫోనుకు అందింది. 108 రాకముందు విరిగిన కాలుతో ఆటోలో ముగ్గురి మధ్య కుదించుకుని కూర్చుని వెళ్ళినవాళ్ళు ఎందరో. కూర్చోబెట్టి, కాలు వేలాడదీసి తీసుకెళ్ళడం తొడ ఎముకకు ఎంత చెరుపో పైన చూశాం. రెండేళ్ళకు, 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో పేదలకు ఉచిత వైద్యం ఇచ్చే ఆరోగ్యశ్రీ పథకం మొదలై, తర్వాత రాష్ట్రమంతటికీ పాకింది. ప్రమాదాల గాయాలూ అందులోకి వచ్చాయి. తొడలో రాడ్డు కోసం ఎకరం అమ్ముకోవాల్సిన పరిస్థితి చాలా ఇళ్ళకు తప్పింది. దీన్ని తక్కువచేసి మాట్లాడేవాళ్ళు ఒకసారి ఆ ఇళ్ళకు వెళ్ళి అడగాలి.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళు 1,68,491 మంది, గాయపడినవాళ్ళు 4,43,366 మంది. గాయపడినవాళ్ళ లెక్క పోలీసులు రాసుకున్నది మాత్రమే. 2025 మే నుంచి కేంద్రం కొత్త పథకం అమల్లోకి తెచ్చింది. రోడ్డు ప్రమాదంలో గాయపడ్డ ఎవరికైనా ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల వరకు నగదు కట్టకుండా వైద్యం. మొదటి గంటల్లో అడ్వాన్సు కట్టమని ఆపకుండా ఇది కాపాడుతుంది. ప్రాణం నిలవడానికి ఆ ఏడు రోజులు చాలా విలువైనవి.

తొడ ఎముకకు మాత్రం ఏడు రోజులంటే కథ మొదలే. రాడ్డు వేశాక మనిషి వారంలో డిశ్చార్జ్ అవుతాడు. కర్రలు వదిలి నడవడానికి నెలలు, తాపీ పట్టి సారవ ఎక్కడానికి అంతకన్నా ఎక్కువ. ఈ మధ్యకాలంలో మోకాలు వంచే కసరత్తు చేయించేవాళ్ళు లేకపోతే బాగా అతికిన ఎముకతోనే మనిషి కుంటుతూ మిగిలిపోతాడు. మండలంలో ఫిజియోథెరపిస్టు ఉండడు, పట్నం వెళ్ళడానికి ఛార్జీలు ఉండవు. ఎముక అతికిందా అంటే అతికింది, మనిషి పనికొచ్చాడా అంటే రాలేదు.

ఈ ఖాళీని ఒక్కసారి మాత్రం ఒక ప్రభుత్వ పథకం నేరుగా ముట్టుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా పేరుతో, ఆపరేషన్ తర్వాత కోలుకునే రోజులకు రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000కు మించకుండా ఇవ్వడం మొదలుపెట్టారు. లివర్‌పూల్ రేవు కూలీల సంఘం వారం భత్యం లాంటిదే ఇది. మొత్తం చిన్నదే, కానీ పోయిన కూలి కూడా వైద్యం ఖర్చులో భాగమేనని ఒక ప్రభుత్వ పత్రం ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

బోలర్ బీమా సంస్థను ఒప్పించింది పింఛను లెక్కలతో. అలాంటి లెక్కలకు కావలసిన సరంజామా ఈ రోజు రెండు తెలుగు రాష్ట్రాల దగ్గరా ఉంది. ఆరోగ్యశ్రీగా మొదలైన పథకంలో ప్రతి కేసుకూ ఆపరేషన్‌కు ముందు ఎక్స్‌రే, తర్వాత ఎక్స్‌రే కంప్యూటర్‌లోకి ఎక్కితేనే ఆసుపత్రికి డబ్బు వస్తుంది. రోగి ఫోన్ నంబరు ఉంటుంది, ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్రలు ఉన్నారు. తొడ ఎముకకు రాడ్డు వేయించుకున్న ప్రతి మనిషికీ ఏడాది తర్వాత ఒక్క ఫోను చేసి మూడు ప్రశ్నలు అడిగితే చాలు. మోకాలు పూర్తిగా వంగుతోందా? పాత పనికే వెళ్తున్నారా? ఈ కాలు కోసం తెచ్చిన అప్పు ఇంకా ఎంత మిగిలింది? ఏ ఆసుపత్రి రోగులు నడుస్తున్నారో, ఏ ఆసుపత్రి రోగులు కుంటుతున్నారో, ఏ జిల్లాకు ముందుగా ఫిజియోథెరపిస్టులను పంపాలో ఆ జవాబులే చెబుతాయి.